తాతకు ఉర్దూ, నాన్నకు తెలుగు, మనవరాలికి ఇంగ్లీషు: తెలంగాణలో బడి భాష ఇన్నిసార్లు ఎందుకు మారింది?

మీ తాత ఉర్దూలో చదివారు, మీ నాన్న తెలుగు మీడియం, మీరు ఇంగ్లీషు మీడియం. ఒకే ఊళ్లో ఒకే ఇంట్లో మూడు తరాలకు మూడు భాషలు ఎందుకొచ్చాయి, ఆంధ్ర వైపు ఇలా జరగలేదు కదా, తెలంగాణ చదువులో వెనకబడింది దీనివల్లేనా అని అడిగారు. మీ తాత సర్టిఫికెట్టు ఇంకా ఇంట్లో ఉందని, దాన్ని చదవగలిగేవాళ్లే ఇంట్లో ఎవరూ లేరని కూడా రాశారు. ఆ చివరి మాట చూశాక జవాబు రాయకుండా ఉండలేకపోయాను.

మా ఇంట్లోనూ ఇదే కథ. మా నాయన వస్తానియా దాకా, అంటే మధ్య తరగతుల దాకా, ఉర్దూలో చదివి తాలూకా కచేరీలో గుమాస్తాగా పనిచేశాడు. నేను తెలుగులో చదివి, 1978లో నల్గొండ జిల్లాలో సెకండరీ గ్రేడ్ టీచరుగా చేరి, 2013లో హెడ్మాస్టరుగా రిటైరయ్యాను. మా మనవరాలు ఇప్పుడు ఇంగ్లీషులో చదువుతోంది. ముప్పై అయిదేళ్లు బడిలోనే గడిపినవాణ్ని కాబట్టి నాకు అర్థమైనంత చెబుతాను, కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు నిజాం కాలపు ఊరి బడి ఎలా ఉండేదో చెప్పాలి. ఊళ్లో ఒక అయ్యవారు, ఆయన ఇంటి అరుగో గుడి మండపమో బడి, ఇసుకలో వేలితో ఓనమాలు దిద్దడం, ఎక్కాలు, శతక పద్యాలు. పిల్లల ఇళ్ల నుంచి వచ్చే గింజలే జీతం. వానలు పడి పొలం పనులు మొదలైతే బడి ఖాళీ. దీన్ని ఖాన్గీ బడి అనేవారు, అంటే ప్రైవేటు బడి. ప్రభుత్వ బడి వేరు. అందులో చిన్న తరగతులవి తహతానియా, మధ్య తరగతులవి వస్తానియా, హైస్కూలు ఫౌఖానియా. తాలూకా కేంద్రానికి వెళ్తే వస్తానియా, జిల్లా కేంద్రానికో వరంగల్లుకో హైదరాబాదుకో వెళ్తే ఫౌఖానియా. ఎంత పైకి పోతే అంత ఉర్దూ. తెలుగు పిల్లవాడు మూణ్నాలుగేళ్లు కొత్త భాషతోనే కుస్తీ పట్టాలి, ఆ తర్వాత గానీ లెక్కలో చరిత్రో బుర్రకెక్కేది కాదు. ఎక్కువమంది ఆ కుస్తీలోనే బడి మానేశారు.

ఉర్దూ ఎందుకంటే, 1880ల్లో రాజ్యంలో అధికార భాష ఫార్సీ నుంచి ఉర్దూకు మారింది. కోర్టు, తహసీలు, పోలీసు అన్నీ ఉర్దూలోనే. కొలువు కావాలంటే ఉర్దూ రావాలి, కొలువు కోసమే బడి. ఆ తర్వాత 1918లో ఉస్మానియా యూనివర్సిటీ పెట్టారు. దీని గురించి ఒక్క మాట న్యాయంగా చెప్పాలి. అంతకు ముందు ఏడాది అక్బర్ హైదరీ నిజాముకిచ్చిన నివేదికలో వాదన ఏమిటంటే, పరాయి భాషలో చదువు చెబితే పిల్లవాడి శక్తంతా బట్టీ పట్టడానికే అయిపోతుంది, సొంతంగా ఆలోచించడం రాదు అని. నూటికి నూరుపాళ్లు నిజం. అందుకే తర్జుమా కోసం ప్రత్యేకంగా ఒక శాఖ పెట్టి, వైద్యం, ఇంజనీరింగు, సైన్సు పుస్తకాలన్నీ ఉర్దూలోకి తెచ్చారు, వేల పారిభాషిక పదాలు తయారుచేశారు. ఒక భారతీయ భాష యూనివర్సిటీ చదువును మోయగలదని చేసి చూపించారు. ఆ పనిని నేను తక్కువ చేసి మాట్లాడను. కానీ రాజ్యంలో దాదాపు సగం మంది తెలుగువాళ్లు, పావు వంతు మరాఠీలు, కన్నడిగులు కూడా లక్షల్లో ఉన్నారు. ఉర్దూ ఇంటి భాషగా ఉన్నవాళ్లు పదిమందిలో ఒకరు, కాస్త అటూ ఇటూగా. ఇంగ్లీషు పరాయిదని తీసేసి పెట్టిన భాష మా నాయనకు అంతే పరాయిది. వాదన మంచిదే, అది వర్తించింది మాత్రం కొద్దిమందికి.

మీ తాత తరం ఆ రోజుల్లో ఎంత అవమానపడిందో ఒక్క సంఘటన చెబితే తెలుస్తుంది. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధిని థియేటరులో సంఘ సంస్కరణ సభ జరిగింది, అధ్యక్షుడు పూనా నుంచి వచ్చిన కార్వే. ఆ సభలో అల్లంపల్లి వెంకటరామారావు అనే వకీలు తెలుగులో మాట్లాడబోతే జనం చప్పట్లు కొట్టి గేలిచేసి కూర్చోబెట్టారు. ఆ రాత్రే కొంతమంది తెలుగువాళ్లు కూడి ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. అదే తర్వాత ఆంధ్ర మహాసభ అయింది, 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి సభ జరిపింది. ఆ సభల తీర్మానాలు చూడండి, వెట్టిచాకిరీతో పాటు బడుల సంగతి మళ్లీ మళ్లీ వస్తుంది. ఎందుకంటే 1920ల్లో ఖాన్గీ బడుల మీద సర్కారు కొత్త నిబంధనలు తెచ్చింది, అనుమతి లేకుండా బడి నడపకూడదని. అరుగు మీద పదిమంది పిల్లలకు ఓనమాలు చెప్పే అయ్యవారు ఉర్దూలో దరఖాస్తు పెట్టి తాలీమాత్, అంటే విద్యాశాఖ, అధికారుల చుట్టూ తిరగగలడా? చాలా బడులు అలాగే మూతపడ్డాయి.

బడులకు అనుమతి దొరకని చోట గ్రంథాలయాలు బడులయ్యాయి. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం, 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం, ఆ తర్వాత ఊరూరా చిన్నచిన్నవి. మా నాయన తెలుగు చదవడం నేర్చుకుంది బడిలో కాదు, తాలూకాలో అలాంటి ఒక గదిలో. సాయంత్రం లాంతరు వెలుగులో ఒకాయన గోలకొండ పత్రిక పైకి చదువుతుంటే చుట్టూ కూర్చుని వినేవాళ్లట. ఆ అక్షరాలు చూసి చూసి నేర్చుకున్నానని చెప్పేవాడు. చివరిదాకా ఆయన చేతిరాత ఉర్దూలో ముత్యాల్లా ఉండేది, తెలుగులో మాత్రం గుండ్రం కుదిరేది కాదు.

ఆడపిల్లల బడి సంగతి ఇంకా గొప్పది. మాడపాటి హనుమంతరావు 1928లో హైదరాబాదులో తెలుగు మాధ్యమంలో బాలికల పాఠశాల పెడితే, హైస్కూలు స్థాయిలో తెలుగు మాధ్యమానికి సర్కారు గుర్తింపు లేదు. దాంతో పూనాలో కార్వే స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయానికి దాన్ని అనుబంధం చేసుకున్నారు. ఏడేళ్ల కిందట ఎవరి అధ్యక్షతన తెలుగు మాటను గేలిచేశారో ఆయన సంస్థే తెలుగు బాలికలకు గుర్తింపు ఇచ్చిందన్నమాట. అంతకు ముందే, 1910లో, భాగ్యరెడ్డి వర్మ ఇసామియా బజారులో దళిత పిల్లలకు తెలుగులో బడి తెరిచాడు, తర్వాత అలాంటివి నగరంలో చాలా నడిపాడు. తెలంగాణ విద్య చరిత్ర అనగానే ఉస్మానియా భవనం ఫోటో పెడతారు, ఈ బడుల ఫోటోలు పెట్టేవాళ్లు తక్కువ. నా దృష్టిలో మన అసలు పునాది ఇవే.

ఇంకొక ముచ్చట చెప్పకపోతే మనసొప్పదు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీము చనిపోయాక, గోండుల స్థితి ఎలా ఉందో చూడమని నిజాం ప్రభుత్వం హైమెన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను ఆదిలాబాదు పంపింది. ఆయన 1943లో మార్లవాయిలో గోండు యువకులకే పంతుళ్లుగా శిక్షణ ఇచ్చే కేంద్రం పెట్టించాడు. గోండీ భాషలోనే వాచకాలు రాయించారు, ఆ ప్రాంతంలో మరాఠీ అలవాటు ఉంది కాబట్టి దేవనాగరి లిపిలో. పైన యూనివర్సిటీ నుంచి కింద తాలూకా దాకా ఉర్దూ రుద్దిన రాజ్యంలోనే, అడవిలో మాత్రం పిల్లవాడి భాషలో, పిల్లవాడి ఊరి మనిషే పంతులుగా బడి నడిచింది. ముందు పంతులును తయారుచేసి తర్వాత బడి తెరిచారు, ఆ వరస చూడండి. పోలీసు చర్య తర్వాత అది నెమ్మదిగా కనుమరుగైంది. 2004 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో గోండీ, కోయ, కొలామీ, సవర లాంటి ఎనిమిది భాషల్లో మళ్లీ వాచకాలు వేసినప్పుడు ఇదేదో కొత్త ప్రయోగమని చాలామంది అనుకున్నారు.

ఇక 1948. సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది, ఆ వెంటనే ఉస్మానియాలో ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది, బడుల్లో తెలుగు వచ్చింది. తెలుగు రావడం న్యాయమే, ఎన్నేళ్లుగానో అడిగిందే. కానీ ఉత్తర్వు ఒక్కరోజులో వచ్చింది, పంతులు ఒక్కరోజులో ఎక్కణ్నుంచి వస్తాడు? ఉన్న పంతుళ్లంతా ఉర్దూలో చదివి ఉర్దూలో చెప్పినవాళ్లు.

దీన్ని నేను పిల్లవాడిగా కళ్లారా చూశాను. పోలీసు చర్య జరిగి పదిహేనేళ్లయినా మా లెక్కల సారుకు ఆ ఇబ్బంది తీరలేదు. ఆయన చదువంతా ఫౌఖానియాలో, ఉర్దూలో. బోర్డు మీద గుణకారం వేసేటప్పుడు మా వైపు వీపు తిప్పి, పెదాలు కదుపుతూ 'సాత్ అఠే ఛప్పన్' అనుకుని, 56 వేసి, మా వైపు తిరిగి 'ఏడెనిమిదులు యాభై ఆరు' అని గట్టిగా చెప్పేవాడు. మేం ముందు వరసలో వాళ్లం కాబట్టి వినపడేది. క.సా.గు., గ.సా.భా. అనే మాటలు ఆయనకూ మాకూ ఒకేరోజు కొత్త. రాత్రి పుస్తకం ముందేసుకుని ఆ తెలుగు మాటలు నేర్చుకుని పొద్దున వచ్చి మాకు చెప్పేవాడని పెద్దయ్యాక తెలిసింది. లెక్కల్లో ఆయనంత దిట్టను నేను మళ్లీ చూడలేదు. అయినా ఎవరైనా సందేహం అడిగితే విసుక్కునేవాడు. ఇప్పుడు ఆలోచిస్తే అది కోపం కాదు, జవాబు తెలిసి కూడా చెప్పే మాట చేతికందక పడే టెన్షన్.

పంతుళ్ల కొరత తీర్చడానికి కోస్తా నుంచి, మద్రాసు వైపు నుంచి తెలుగూ ఇంగ్లీషూ వచ్చినవాళ్లను తెచ్చారు. కొందరు దొంగ ముల్కీ సర్టిఫికెట్లతో, అంటే స్థానికులమని చెప్పే కాగితాలతో, చేరారన్న ఆరోపణ వచ్చింది. 1952లో వరంగల్లులో విద్యార్థులు రోడ్డెక్కారు, అది హైదరాబాదుకు పాకింది, సెప్టెంబరు 3న సిటీ కాలేజీ దగ్గర పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అది ఉద్యోగాల గొడవ, నిజమే. కానీ మొదలైంది బడి దగ్గర, పంతుళ్ల పోస్టుల దగ్గర. నాలుగేళ్ల ముందే స్థానిక యువకులకు గట్టి శిక్షణ మొదలుపెట్టి ఉంటే అంత మంట రేగేది కాదని నా నమ్మకం.

ఆంధ్ర వైపు ఇలా జరగలేదు కదా అన్నారు. సగం నిజం. అక్కడ బడి భాష పేరు తెలుగే, పైకి వెళ్తే ఇంగ్లీషు. మిషనరీలు, జమీందార్లు, లోకల్ బోర్డులు పోటీపడి బడులు పెట్టారు. మచిలీపట్నంలో నోబుల్ బడి 1843 నాటిది, విజయనగరం మహారాజా వారి బడి 1857 నాటిది, ధవళేశ్వరంలో కందుకూరి వీరేశలింగం ఆడపిల్లల బడి 1874 నాటిది. మనకు అలాంటివి చాలా ఆలస్యంగా వచ్చాయి, అందులోనూ నగరంలోనే ఎక్కువ. ఈ తేడా కాదనలేనిది.

కానీ ఆ తెలుగు పిల్లల తెలుగేనా? 1822లో మద్రాసు గవర్నరు మన్రో జిల్లాల్లో బడుల లెక్క తీయమన్నాడు. బళ్లారి కలెక్టరు క్యాంబెల్ మరుసటి ఏడాది పంపిన నివేదిక చూస్తే ఆశ్చర్యం వేస్తుంది, నేటి అనంతపురం కూడా అప్పుడు ఆ జిల్లాలోదే. దాదాపు తొమ్మిదింపావు లక్షల జనాభాకు 533 బడులు, అందులో 226 తెలుగువి, 235 కన్నడవి. మొత్తం పిల్లలు 6,641 మంది, అంటే వెయ్యి మందికి ఏడుగురు కూడా లేరు. ఆయన ఇంకో మాట కూడా రాశాడు. పిల్లలు వల్లెవేసే పద్యాలు వాడుక భాషలో లేవు, అక్షరాలు చదువుతారు గానీ అర్థం తెలియదు అని. ఆ తర్వాత ఎనభై ఏళ్లు గడిచినా పరిస్థితి మారలేదు. 1906-07 ప్రాంతంలో ఉత్తర కోస్తాకు స్కూళ్ల ఇన్స్పెక్టరుగా వచ్చిన యేట్స్, మీరు మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకంలో తెలుగు ఒకటి, ఎందుకలా అని అడిగాడు. ఆ ప్రశ్నను పట్టుకుని పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి జీవితమంతా పోరాడారు. ఆయన వ్యావహారిక భాష కోసం కొట్లాడింది ముఖ్యంగా బడి పిల్లల కోసం. సవర పిల్లలకు సవర భాషలో సొంత ఖర్చుతో బడి నడిపింది కూడా ఆయనే. అంటే ఆ వైపు పిల్లలు కూడా తమది కాని భాషలోనే చదివారు, దాని పేరు కూడా తెలుగే కావడంతో ఎవరికీ కనిపించలేదు, అంతే.

1956లో రాష్ట్రాలు కలిశాక ఆ పుస్తకాల తెలుగు మాకూ వచ్చింది. ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు పిల్లలు 'మా బాపు అచ్చిండు' అని రాస్తే ఎర్ర సిరాతో కొట్టేసి 'మా నాన్న వచ్చాడు' అని రాసేవాణ్ని. మూడో తరగతి పిల్లవాడొకడు నోటుబుక్కులో అలా నాలుగుసార్లు కొట్టేశాక రాయడమే మానేశాడు. అడిగితే, ఏం రాసినా తప్పే వస్తుంది సారూ అన్నాడు. ఇంట్లో మాట్లాడే మాటను తప్పని చెప్పడానికి నాకేం హక్కుందని ఆ రోజు నుంచి కొట్టేయడం మానేసి, పక్కన పుస్తకం మాట కూడా రాయడం మొదలుపెట్టాను. ఉర్దూ పోయి తెలుగు వచ్చిందని సంబరపడ్డ మేమే, పిల్లల తెలుగును తరగతి బయట నిలబెట్టాం.

మంచి కూడా జరిగింది, అది చెప్పకపోవడం అన్యాయం. 1959లో పంచాయతీరాజ్ వచ్చాక ప్రాథమిక బడులు సమితుల కిందికి, హైస్కూళ్లు జిల్లా పరిషత్తుల కిందికి వచ్చాయి, పల్లెల్లో బడులు బాగా పెరిగాయి. 1951లో హైదరాబాదు రాజ్యంలో నూటికి పదిమందికి కూడా చదువు రాదు, అక్కడి నుంచి మొదలుపెట్టాం అని గుర్తుంచుకోండి. 1968లో తెలుగు అకాడమీ పెట్టి ఇంటర్, డిగ్రీ పుస్తకాలు తెలుగులో తెచ్చారు. నాలాంటి పల్లెటూరి పిల్లలు డిగ్రీ దాకా వెళ్లగలిగింది ఆ పుస్తకాల పుణ్యమే. 1969లో నేను తొమ్మిదిలో ఉన్నాను. తెలంగాణ ఉద్యమంలో నెలల తరబడి బడులు మూతపడ్డాయి, ఆ ఏడు చదువు పోయిన బ్యాచ్ మాది. 1971 నవంబరులో పీవీ నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా మా జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాల మొదలైంది, ఆ తర్వాత తాడికొండ, కొడిగెనహళ్లి. పల్లెటూరి పేద పిల్లవాడిని ఎంచుకుని, తిండీ వసతీ ఇచ్చి, పగలూ రాత్రీ పంతుళ్లు పక్కనే ఉంటే ఏమవుతుందో అక్కడ తేలిపోయింది. ఇప్పటి సంక్షేమ గురుకులాలన్నిటికీ తల్లివేరు అదే.

అయితే గురుకులంలో సీటొచ్చిన ఒక్కడి వెనక అసలు బడి మొహమే చూడని పదిమంది ఉండేవాళ్లు. మా ఊళ్లలో జీతం ఉండే పిల్లలని ఉండేవాళ్లు. తండ్రి అప్పుకు బదులు ఎనిమిదేళ్ల పిల్లవాడు ఆసామి దగ్గర పసుల కాయడం. రోజూ పొద్దున నేను బడి తాళం తీసే టైముకు వాళ్లు బర్రెలు తోలుకుని బడి ముందు నుంచే పోయేవాళ్లు, ఒకడు రోజూ గోడ మీది అక్షరాలు చదవబోతూ ఆగేవాడు. 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ వాళ్లు, శాంతా సిన్హా ఆధ్వర్యంలో, ఇలాంటి పిల్లలను విడిపించి కొన్ని నెలలు శిబిరంలో ఉంచి వయసుకు తగ్గ తరగతిలో కూర్చోబెట్టడం మొదలుపెట్టారు. బడి బయట ఉన్న ప్రతి పిల్లా బాలకార్మికుడే అన్నది వాళ్ల మాట. మొదట్లో మేం పంతుళ్లమే నమ్మలేదు, పదకొండేళ్లవాడికి ఓనమాలు చెప్పి ఆరులో ఎలా కూర్చోబెడతారని. కూర్చోబెట్టారు, చదివారు. తెలంగాణ వెనకబడటానికి భాష ఒక్కటే కారణమా అని మీరడిగినదానికి నా జవాబు ఇక్కడుంది. భాష ఒక కారణం. వెట్టి, జీతాలు, దొరతనం అంతకంటే పెద్ద కారణం. నిజాం రాజ్యంలో దాదాపు నలభై శాతం భూమి జాగీర్ల కింద, నిజాం సొంత సర్ఫ్-ఎ-ఖాస్ కింద ఉండేది, ఆ ఊళ్లలో బడి గురించి అడిగే నాథుడే లేడు. 2011 జనాభా లెక్కల్లో కూడా మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55 శాతం, హైదరాబాదుది 83. రెంటికీ మధ్య దూరం వంద కిలోమీటర్లు.

చివరికి మీ తరం ఇంగ్లీషు. ఇది 2022లో ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఎనభైల్లో మండల కేంద్రాల్లో రేకుల షెడ్ల కింద కాన్వెంట్లు మొదలయ్యాయి, తర్వాత పసుపు బస్సులు ఊళ్లలోకి వచ్చాయి. పొద్దున ఏడున్నరకు మా బడి ముందు బస్సు ఆగేది, మా బడిలో ఉండాల్సిన పిల్లలు టై కట్టుకుని ఎక్కేవాళ్లు. నా సొంత కొడుకు కూడా అలాంటి బస్సే ఎక్కాడు, అందుకే ఆ తల్లిదండ్రులను ఒక్క మాట అనే అర్హత నాకు లేదు. కూలి చేసుకునే తల్లి ఇంగ్లీషు అడిగితే అది మోజు అని కొట్టిపారేసేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. పెద్ద కొలువులు ఏ భాషలో దొరుకుతున్నాయో ఆమెకు బాగా తెలుసు. మీ ముత్తాత మీ తాతను ఉర్దూ బడికి పంపింది కూడా సరిగ్గా అందుకే.

2008లో ఉమ్మడి రాష్ట్రంలో వేల హైస్కూళ్లలో సక్సెస్ స్కూళ్ల పేరుతో ఇంగ్లీషు సెక్షన్లు పెట్టారు. 2019లో ఆంధ్రప్రదేశ్ ఒకటి నుంచి ఆరు దాకా అంతా ఇంగ్లీషు మీడియమే అని జీవో ఇస్తే, తర్వాతి ఏడాది ఏప్రిల్లో హైకోర్టు కొట్టేసింది. తెలంగాణలో 2018లో పదో తరగతి దాకా తెలుగు ఒక సబ్జెక్టుగా తప్పనిసరి అని చట్టం చేశారు, 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం తెచ్చారు. పుస్తకాలు మాత్రం రెండు భాషల్లో, ఎదురెదురు పేజీల్లో ఇంగ్లీషూ తెలుగూ వేశారు. అది మంచి ఆలోచన, మనస్ఫూర్తిగా చెబుతున్నాను.

ఆ ఏడాది మా ఊరి బడికి ఊరికే చూద్దామని వెళ్లాను. నాలుగో తరగతిలో ఒక పాప సైన్సు పుస్తకం తెరిచి ఇంగ్లీషు పేజీ గడగడా చదివింది. అర్థమేంటమ్మా అన్నాను. చూపు పక్క పేజీ మీదికి పోయింది, తెలుగులో ఆ వాక్యం వెతికింది, తనలో తను చదువుకుంది, ఆ తర్వాత తలెత్తి చక్కగా చెప్పింది, మొక్క వేరు నీళ్లు ఎలా తీసుకుంటుందో వాళ్ల పెరట్లో బీరపాదు చూపిస్తూ మరీ చెప్పింది. ఆ పాపకు రెండు పేజీలూ కావాలి. వాళ్ల టీచరమ్మ నాతో విడిగా అంది, సార్, నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం, ట్రైనింగు తెలుగులోనే, వేసవిలో కొన్ని రోజులు శిక్షణ ఇచ్చారు, రాత్రి ఫోన్లో చూసుకుని ప్రాక్టీసు చేసి వస్తున్నాను, పిల్లలు అడిగితే భయమేస్తోంది అని. పైగా ఇద్దరు టీచర్లు, అయిదు తరగతులు. నాకు మా లెక్కల సారు కళ్లముందు కనిపించాడు. అరవై ఏళ్లయింది, భాష మారింది, బోర్డు వైపు తిరిగి పెదాలు కదిపే పంతులు మాత్రం అలాగే ఉన్నాడు.

కాబట్టి ఏ మీడియం మంచిదని నన్నడిగితే, చిన్న తరగతుల్లో ఇంటి భాష ఉండాలి, ఇంగ్లీషును మొదటి నుంచీ ఒక సబ్జెక్టుగా బాగా చెప్పాలి, పై తరగతుల్లో మెల్లగా మారాలి అంటాను. దానికంటే ముందు ప్రతి తరగతికీ ఒక టీచరు ఉండాలి, ఆ టీచరుకు తను చెప్పే భాషలో కనీసం రెండేళ్ల గట్టి శిక్షణ ఉండాలి. 1918లో, 1948లో, 2022లో మూడుసార్లూ భాష గురించి కొట్లాడుకున్నాం, మూడుసార్లూ మార్లవాయిలో చేసిన ఆ ఒక్క పని చేయలేదు.

ఇక మీ తాత సర్టిఫికెట్టు. దాన్ని లామినేషన్ మాత్రం చేయించకండి, పాత కాగితం, పాత సిరా పాడవుతాయి. మెత్తటి కాగితాల మధ్య పెట్టి ఉంచండి. అందులో సంవత్సరం ఫసలీలో, అంటే నిజాం కాలపు సర్కారు లెక్కలో, ఉంటుంది, దానికి 590 కలిపితే సుమారుగా ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, 1350 ఉంటే 1940-41 అన్నమాట. నెలల పేర్లు ఆజూర్, దై, బహమన్ అని ఉంటాయి, ఏడాది అక్టోబరులో మొదలవుతుంది. ఉర్దూ కుడి నుంచి ఎడమకు చదవాలి కాబట్టి పేరు కోసం కుడి వైపు చూడండి. మీ మండలంలో ఉర్దూ మీడియం బడి ఉంటే అక్కడి టీచరెవరైనా అయిదు నిమిషాల్లో చదివి పెడతారు. మా నాయనది ఆయన పోయాక నేను అలాగే చదివించుకున్నాను. అందులో 'మాదరీ జబాన్' అని ఒక గడి ఉంది, అంటే తల్లి భాష. ఆ గడిలో ఉర్దూ అక్షరాల్లో, ఎవరో గుమాస్తా నల్ల సిరాతో, 'తెలంగీ' అని రాశాడు.